సైదా సాహెబ్ తిప్పిన చక్రం

చెరకు ఆడటం మొదలయ్యే రోజుకి ఇంకా నాలుగు పనులు మిగిలాయి. బాయిలరు కడిగించాలి, పాకం తొట్టెలు తోమించాలి, ఆవిరి గొట్టానికి వాల్వు బిగించాలి, అన్నిటికీ ఇంజనీరుగారి సంతకం తేవాలి.

అది పందొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం, అనకాపల్లిలో పంచదార మిల్లు. మా ఇంట్లో మొదటి బీఎస్సీని నేనే. మిల్లులో ఈ పనులు చేయించే ఉద్యోగం నాది; అది పోతే మాకు మరో దారి లేదు.

నక్షాలో, ఆవిరిని ఆపడానికి తిప్పే వాల్వు చక్రం గొట్టానికి పైన ఉంది. ఫిట్టరు సైదా సాహెబ్ వాల్వును అలాగే ఆనించి పెట్టాడు గానీ బిగించలేదు. తలగుడ్డతో కళ్ళు కట్టుకుని, తొట్టె దగ్గర నుంచి నడిచొచ్చి చెయ్యి చాపాడు. చెయ్యి గొట్టం మీద పడింది. చక్రం జానెడు పైన ఉండిపోయింది.

"నక్షా సక్కగుంది బాబూ. ఆవిరి కమ్మేత్తే దాన్నెవుడు సూత్తాడు?"

"మరి ఎటు తిప్పమంటావు సాయిబూ?" అన్నాను.

"సెయ్యి పడిన కాడికి. గీసినాయన పొడుగేమో, మన వరదానం పొట్టోడు."

ఆ వాల్వు కట్టాల్సిన వరదానం నవ్వాడు. నాకు నవ్వు రాలేదు; నక్షా మారిస్తే నా ఉద్యోగం మీదికి రావచ్చు. మార్పు నేనే చేయించానని కాగితం రాసి సంతకం పెట్టాను. సాహెబ్ వాల్వును పావు చుట్టు తిప్పి, చక్రం గొట్టం ఎత్తులోనే నడవ వైపు ఉండేలా బిగించాడు.

చెరకు ఆడటం మొదలైన తొమ్మిదో రోజున తొట్టె దగ్గర ఆవిరి గొట్టం జాయింటు పగిలి గదంతా ఆవిరి కమ్మింది. వరదానం కళ్ళు మూసుకునే వచ్చి చక్రం తిప్పి ఆవిరి కట్టేశాడు. ఒంటిమీద ఒక్క బొబ్బ లేదు.

ఇంజనీరుగారు నన్ను మెచ్చుకున్నారు. సాహెబ్ పేరు చెప్పాను గానీ, కాగితంలో నా పేరే ఉండిపోయింది. మీ చేతికి అందే చోట ఎక్కడైనా చక్రం కనిపిస్తే, సైదా సాహెబ్‌ను ఒక్కసారి తలుచుకోండి.