తెగని పట్టీకి కుట్టు

బడి సంచులు బాగుచేసే కొట్టు నా భార్యా, ఆమె చెల్లెలూ కలిసి పెట్టుకున్నారు. నా భార్య పోయి తొమ్మిది నెలలైంది. ఆమె వాటా నా పేరు మీదికి వచ్చింది గనుక మా మరదలితో పాటు నేనూ లాయరు దగ్గరికి వెళ్లాను. మాకు జిప్పులు సరఫరా చేసే పెద్దాయన పక్క ఊళ్లో అదే పేరుతో కొట్టు తెరుస్తానన్నాడు; ఆయనా మాతో వచ్చాడు.

లాయరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడుతుంది.

"దీన్ని ఫ్రాంచైజీ అంటారక్కా," అని మరదలికి చెప్పింది. "కొట్టు ఆయనది. పేరూ, పనిచేసే పద్ధతీ మీవి. ఆ పద్ధతి ఒప్పందంలో రాసి ఉండాలి. లేకపోతే రేపు మీ పేరు పెట్టుకుని ఆయన జిగురుతో అంటించినా మీరు అడగలేరు."

"నాకు రాని ఆలోచన మీరే ఇస్తున్నారు లాయరమ్మా," అన్నాడు జిప్పులాయన.

మరదలు నవ్వలేదు. అక్క నేర్పిన పని పక్క ఊళ్లో జిగురు పాలవుతుందేమోనన్నదే మొదటినుంచీ ఆమె భయం.

"చెప్పండక్కా, రాసుకుంటాను."

మరదలు గాలిలో కుడుతున్నట్టు చెయ్యి ఆడించింది. "ఏముంది... సంచి తీసుకుంటాం. కుడతాం."

"అంతేనా?"

"నోటికి రాదమ్మా. చేతికే వస్తుంది."

లాయరు బీరువా పక్కనుంచి పట్టీ తెగిన తన ఫైళ్ల సంచి తెచ్చి ఆమె ముందు పెట్టింది. దబ్బనం, మైనం పట్టించిన దారం మరదలి దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఆమె కుడుతుంటే నేను చూస్తూ, తరగతిలో చెప్పినట్టే చెప్పాను. "ఒకటి. సంచి ఖాళీ చేసి తలకిందులుగా దులపాలి. రెండు. పాత దారం మొత్తం పీకాలి..."

"మెల్లగా మాస్టారూ!" అంది లాయరు టైపు చేస్తూ. "అప్పుడూ అంతే, రెండోసారి చెప్పేవారు కాదు."

తొమ్మిదో అంశం దగ్గర మరదలు సంచి తిప్పి, తెగని పట్టీకి కూడా కుట్లు వేయసాగింది.

"ఆగమ్మాయ్," అన్నాడు జిప్పులాయన. "అది బాగానే ఉందిగా! తెగనిదానికి కుట్టేమిటి, దండగ?"

"ఇది తెగినప్పటినుంచీ బరువంతా అదొక్కటే మోసింది కదా బాబాయ్. అలిసిపోయి ఉంటుంది. అక్క అలాగే చెప్పేది."

"పట్టీకి అలుపేమిటి! నా కొట్లో అది కుదరదు. కొట్టెయ్యండి లాయరమ్మా."

"అయితే పేరు కూడా కొట్టెయ్యండి," అంది మరదలు, దబ్బనం ఆపకుండా.

జిప్పులాయన విసురుగా లేచి తన సంచి భుజాలకు తగిలించుకోబోయాడు.

"బాబాయ్, నాలుగేళ్ల కిందట ఆ సంచి ఎడమ పట్టీ తెగిందని మా కొట్టుకు తెచ్చావు. గుర్తుందా?"

"ఎందుకు లేదూ? మీ అక్కే కుట్టింది. ఇవాళ్టిదాకా పోగు కదల్లేదు."

"మరి కుడిది?"

"కుడిది ఎప్పుడూ తెగనే లేదు," అంటూ పట్టీ తిప్పి చూశాడు. రెండు వరసల కుట్లు, చివర జంట ముడి. ఆ ముడి ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఎవరి సంచో ఎత్తుకొచ్చానా ఏం?"

లాయరు పకపకా నవ్వింది. ఆయన సంచి కిందపెట్టి కూర్చున్నాడు.

"నా సంచే నా మీద సాక్ష్యం చెప్తుంటే ఇంకేం వాదిస్తాను? తొమ్మిదోది ఉంచండి. లావు అక్షరాల్లో వెయ్యండి."

చివరి పేజీలో 'పద్ధతి రూపొందించినవారు' అన్నచోట గీత ఖాళీగా ఉంది. "అక్క పేరు నువ్వే రాయి బావా," అంది మరదలు. రాశాను. తొందరపడకుండా రాశాను.

లాయరు తొంగిచూసి నాలుక కరుచుకుంది. "మాస్టారూ, ఎర్ర సిరా!"

ముప్పై ఏళ్లుగా నా జేబులో ఉండే కలం అదే.

"చెల్లదా?"

"నీలమో నలుపో ఉండాలండి. ఇంకో కాపీ తీస్తాను."

"ఊరి పిల్లలందరిచేతా తప్పులు తిరిగి రాయించావు," అంది మరదలు. "ఇవాళ నీ వంతు బావా."

"పదిసార్లు రాయించండి లాయరమ్మా, వదలకండి!" అన్నాడు జిప్పులాయన.

నీలం కలంతో మళ్లీ రాశాను. పాడైన కాగితం లాయరు చించబోతుంటే చెయ్యి చాచాను. ఇచ్చింది. నాలుగు మడతలు పెట్టి, జేబులో ఎర్ర కలం పక్కన పెట్టుకున్నాను.