తల ఊపితే చాలదు

దుకాణం నా పేరు మీద ఉంది. నడిపేది మాత్రం నా కోడలు సుచిత్ర. చేనేత కార్డు నాకే ఉంది కాబట్టి ఆన్‌లైన్ కంపెనీ దగ్గర మారయ్య అని నా పేరే రాయించారు. మగ్గం ముందు కూర్చున్న నా ఫొటో కూడా అందులో ఉంటుంది. మగ్గం దిగి చాలా ఏళ్లయింది. మోకాళ్లు మగ్గం కింది గుంటలోకి దిగనివ్వవు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో, కొడుకు కిరాయి ఇంట్లో చీరలు మడతపెడతాను. పోగు లేచిందా, మరక పడిందా చూస్తాను. కవర్లో పెట్టి ఇస్తే సుచిత్ర చీటీ అంటిస్తుంది. సాయంత్రం బండి అతను వచ్చి పట్టుకుపోతాడు. నా పని అంతే. దానికి మాటలు అక్కరలేదు.

శ్రావణం రాబోతుండగా, సరిగ్గా చీరలు పోయే రోజుల్లో, దుకాణం ఆగిపోయింది.

సుచిత్ర ఫోన్ చూసి గోడకు ఆనుకుని కూర్చుంది.

"మామా, అకౌంట్ బంద్ పెట్టిన్రు. అమ్మినవాటి పైసలు గూడ ఆపిన్రు."

"మనమేం జేసినం?"

"మనం జెయ్యలే. హరి అన్న చేసిండు."

హరిప్రసాద్ నా చెల్లెలు అండాలమ్మ కొడుకు. ఎల్‌బీ నగర్‌లో ఉంటాడు. నిరుడు వాడూ ఇలాగే ఒక దుకాణం తెరిచాడు. వాళ్ల గల్లీలోకి బండి రాదని మా ఇంటి అడ్రస్ ఇచ్చాడు. సుచిత్ర ఫోన్లోనే, మా ఇంట్లో కూర్చునే మొదలుపెట్టాడు. వద్దనాలని మాలో ఒక్కరికీ తోచలేదు. చెల్లెలి కొడుకు వచ్చి నీ అడ్రస్ రాసుకుంటా మామా అంటే, ఎందుకురా అని అడిగే ఇల్లు మా వాళ్లలో ఉండదు. వచ్చి మంచినీళ్లు తాగిపోయినట్టే అనుకున్నాం.

వాడు కొన్నాళ్లు మగ్గం చీరలే అమ్మాడు. తర్వాత మిల్లులో అచ్చు కొట్టిన చీరలు తెచ్చి చేతినేత అని రాసి అమ్మాడు. కొన్నవాళ్లు గొడవ చేశారు. కంపెనీ వాడి దుకాణం మూసేసింది. అడ్రస్ ఒకటే, ఫోన్ ఒకటే కాబట్టి రెండు దుకాణాలూ ఒక్కరివేనని లెక్కగట్టి మాదీ మూసింది.

సుచిత్ర మెయిల్ మీద మెయిల్ పెట్టింది. ప్రతిదానికీ ఒకటే జవాబు. మీ ఇబ్బందికి చింతిస్తున్నాం, పరిశీలిస్తున్నాం.

"ఎవరు చింతిస్తున్నరు?" అని అడిగాను.

"మిషిని మామా. మనిషైతే ఒక్కసారన్న మాట మార్చి రాస్తుండె."

కొడుకు మురళీకృష్ణ బట్టల షాపులో సేల్స్‌మన్. వచ్చి అన్నం తిని, వాళ్లు చింతిస్తూనే ఉన్నారా అని అడిగి పడుకునేవాడు. వాడి జీతం కిరాయికీ పిల్లల ఫీజులకూ సరిపోతుంది. చీరల డబ్బు మాది కాదు. నేసినవాళ్లది. ఊళ్లో మా చీరలు నేసే లింగస్వామి మగ్గం మీద పడుగు అయిపోయింది. కొత్త పడుగు ఎక్కించాలంటే నూలు కొనాలి. ఇచ్చిన చీరలకు మేమింకా కట్టలేదు. లింగస్వామి సాయంత్రం పూట ఫోన్ చేసేవాడు. డబ్బు సంగతి ఎత్తేవాడు కాదు.

"మీ దిక్కు వాన పడ్డదా పెద్దనాయినా?"

"పడ్డది."

"ఇక్కడ గూడ పడ్డది. మగ్గం గుంటల నీళ్లొచ్చినయ్. ఖాళీగనే ఉన్నది గద, ఏం గాదు."

 అంతే చెప్పి ఫోన్ పెట్టేసేవాడు. అరిచి అడిగినా బాగుండేది.

చివరికి ఒక మెయిల్ వేరే తీరుగా వచ్చింది. కంపెనీ మనిషి వీడియో ఫోన్లో ముఖాముఖి మాట్లాడుతుందట. దుకాణం ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే మాట్లాడాలట. హరిప్రసాద్‌తో వ్యాపార సంబంధం గానీ కుటుంబ సంబంధం గానీ లేదని ఆ మనిషి స్వయంగా చెప్పాలట. చెబితే ఖాతా తెరుస్తారు. లేదంటే మూసింది మూసినట్టే.

"వ్యాపార సంబంధం లేదంట," అన్నాను. "గది నిజమే గద."

"రెండూ అనాలె మామా. రెండూ రాసిన్రు."

చీర మడతపెడుతూ ఉండిపోయాను. ఒక కొస పట్టుకోవడానికి సుచిత్ర వచ్చింది. ఆ కొస పట్టుకునే అంది, "నాకు మాత్రం మంచిగ అనిపిస్తదా? ఎవరితోటి అనాలె? నా పేరు మీదుంటే నేనే అంటుంటి."

అంటానన్నదంటే అనేస్తుంది. తను నిద్రపోయి ఎన్నాళ్లయిందో కళ్లు చూస్తే తెలుస్తుంది.

హరిప్రసాద్ స్కూటర్ మీద వచ్చాడు. మిర్చి బజ్జీలు తెచ్చాడు. తప్పు చేసినవాడు తెచ్చే తిండి ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. నా ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"మామా, నోటి మాటే గద. నేనెవరో తెల్వదని చెప్పు. నా పెండ్లాం రోజు గదే అంటది, నువ్వెవనివిరా అని. నేనేమన్న సచ్చిపోయిన్నా?"

సుచిత్రకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

"నీకు సిగ్గున్నదా అన్నా, చేతినేత అని రాయనీకె?"

"పొరపాటైంది చెల్లె. అందరు రాస్తున్నరని రాసిన. మునిగినంక తెలిసింది. మిమ్మల్ని గూడ ముంచుతనని తెల్వదు." వాడి గొంతు కొంచెం తగ్గింది. "చెప్పు మామా. నా మీద ఒట్టు."

"మీ అమ్మకు చెప్పినవా?"

"అమ్మకెందుకు గివన్ని? ఆమెకేమర్థమైతది?"

 వాడి పుట్టువెంట్రుకలు తీసినప్పుడు వాణ్ణి పట్టుకున్న ఒడి నాది. కత్తి తగలకుండా తల అదిమి పట్టుకుంటే నా వేలు కొరికాడు. ఇప్పుడు వాడి తల ముందు భాగం బట్టతల. బజ్జీ ఒకటి నా చేతిలో పెట్టాడు. తిన్నాను.

ఫోన్ చేసే రోజు సుచిత్ర నాకు తెల్ల అంగీ తొడిగించింది. కిటికీ దగ్గర కుర్చీ వేసింది. ఫోన్‌ను చీరల దొంతికి ఆనించి నిలబెట్టింది. తెరలో ఒక అమ్మాయి కనిపించింది. చెవుల మీద మాటలు వినే పెద్ద పెద్ద డిప్పలు పెట్టుకుని ఉంది. మాటను బట్టి ఆంధ్రా వైపు పిల్ల.

"నమస్కారమండీ. మీ పేరు చెప్పండి సార్."

చెప్పాను.

"కార్డు కెమెరాకి దగ్గరగా పెట్టండి. ఇంకాస్త. ఆ, చాలండీ. మీ పక్కన ఎవరైనా ఉన్నారా సార్? మీరొక్కరే ఉండాలి."

సుచిత్ర వంటింట్లోకి పోయింది. అక్కడి నుంచి గిన్నెల చప్పుడు కూడా రాలేదు.

"హరిప్రసాద్ అనే వ్యక్తితో మీకు వ్యాపార సంబంధం గానీ, కుటుంబ సంబంధం గానీ ఉందాండీ?"

తల అడ్డంగా ఊపాను.

"సార్, వినిపిస్తోందాండీ?"

"వినిపిస్తంది."

"తల ఊపితే చాలదు సార్. రికార్డ్ అవుతోంది. నోటితో చెప్పాలి. ఉందా, లేదా?"

మంచి పిల్లే. విసుక్కోలేదు. పొద్దున్నుంచి ఎంతమందిని ఇదే మాట అడిగిందో. ఆమె వెనక ఇంకా చాలామంది చెవులకు అలాంటి డిప్పలతోనే కూర్చుని ఉన్నారు. నాకు లింగస్వామి మగ్గం గుంట గుర్తొచ్చింది. అందులో నిలిచిన నీళ్లు గుర్తొచ్చాయి.

"లేదు," అన్నాను.

"ఆయన మీకు ఏమీ కారు. అంతేనాండీ?"

"ఏం గాడు."

"థాంక్యూ సార్. మీ సహకారానికి ధన్యవాదాలు."

తెర నల్లబడింది. అందులో నా ముఖమే కనిపించింది. సుచిత్ర వచ్చి ఫోన్ తీసింది. బాగా చెప్పానని ఏదో అనబోయి, నన్ను చూసి, నీళ్లు తెచ్చి ఇచ్చింది.

రాఖీ పున్నమి నాడు ఖాతా తెరిచారు. మా వాళ్లకు అది నూలు పున్నమి కూడా. పొద్దున్నే గుడికి పోయి కొత్త జంధ్యం వేసుకుని వచ్చేసరికి సుచిత్ర గుమ్మంలో ఎదురొచ్చి చెప్పింది. ఆపిన డబ్బు బ్యాంకులో పడిందట. లింగస్వామికి అప్పుడే పంపేసిందట. నాకు సంతోషం కలగాలి. బరువు దించిన మనిషికి భుజం నొప్పే ముందు తెలుస్తుంది. అలా ఉంది. కొత్త ఆర్డర్ ఒక్కటీ రాలేదు. ఇన్నాళ్లు మూసిన దుకాణం తెరిచారని కొనేవాళ్లకు ఎవరు చెబుతారు?

ఏటా ఆ రోజు చెల్లెలు అండాలు అందరికన్నా ముందే వచ్చేది. ఈసారి పొద్దెక్కాక వచ్చింది. గడప బయటే నిలబడింది.

"లోపటికి రావచ్చునా? సంబంధం లేనోళ్లు ఇంట్లకొస్తే మీ కంపెనోళ్లు ఏమన్న అనుకుంటరేమో."

ఆమెకు తెలిసిపోయింది. హరిప్రసాద్ తన దోస్తుకు ఫోన్లో నవ్వుతూ చెబుతుంటే విన్నదట.

"గట్లంటరేంది చిన్నమ్మా, రాండ్రి," అని సుచిత్ర చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

వచ్చి కూర్చుంది. పళ్లెం తీసింది. బొట్టు పెట్టింది. రాఖీ చేతిలోకి తీసుకుని గది నాలుగు మూలలూ చూసింది.

"కెమెరా ఏమన్న ఉన్నదా? కడితే మళ్ల దుకాణం మూస్తరేమో. తలుపేసి రా బిడ్డా."

"చిన్నమ్మా, వాళ్లు అడిగినదానికి ఏదో ఒకటి చెప్పిండు. మనసుల ఉంటదా గట్ల?"

"మనసుల ఏమున్నదో మీ మామ ఎన్నడన్న బైట పెట్టిండా?" అండాలు రాఖీ ముడి వేస్తూనే అంది. "చిన్నప్పటి సంది చూస్తున్న. నా పెండ్లినాడు గూడ, పోయిరా చెల్లె అనలే. మా ఆయన పోయిననాడు వచ్చి గోడకు కూసున్నడు, లేసిపోయిండు. పోనీ, మాట రాని మనిషి అనుకున్న. గిన్నేండ్లకు ఒక్కసారి నోరు తెరిచిండు. తెరిచి గిదన్నడు."

ముడి గట్టిగా పడింది. నేను ఏదైనా అంటానని కొంచెంసేపు చూసింది.  

లేచి, ఆమె కోసం పక్కకు తీసి పెట్టిన చీర తెచ్చాను. ముదురు ఎరుపు, ఏనుగుల అంచు. లింగస్వామి నేసింది. ఒకప్పుడు నేనే నేసి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఉన్నవాటిలో మంచిది ఏరి పెడతాను. అండాలు మడత మీద చెయ్యి పెట్టి రాసింది. తర్వాత నడుము దగ్గరి సంచీ తీసింది.

"దీని ధరెంత బిడ్డా?"

"చిన్నమ్మా!"

"ఊకె తీసుకుంటే చుట్టమైపోత గద. పైసలిచ్చే గిరాకినైతే ఏ గొడవ లేదు."

సుచిత్ర చేతులు వెనక్కి పెట్టుకుంది. అండాలు నోట్లు నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. నేను తిరిగి ఇచ్చెయ్యాలి. ఇచ్చెయ్యాలనే అనుకున్నాను. కానీ పొద్దున్నుంచి బోణీ కాలేదు. చెయ్యి దానంతటదే లేచి, ఆ నోట్లను కళ్లకు అద్దుకుంది. ఏళ్ల అలవాటు.

ముగ్గురం చూశాం.

"అద్గదీ," అంది అండాలు. "నీ చెయ్యి గూడ గిరాకి అనే అనుకున్నది."

చీర సంచిలో పెట్టుకుని లేచింది. ఏమీ తినలేదు. సుచిత్ర సేమ్యా గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, బతిమాలి, ఆగిపోయింది. నేను చెప్పులు వేసుకుని ఆమె వెనకే నడిచాను.

"యాడికి?"

బస్టాపు వైపు చూపించాను.

పండగ రోజు. రోడ్డు మీద అందరూ ఆడవాళ్లే, అందరి చేతుల్లో మిఠాయి డబ్బాలే. ఎల్‌బీ నగర్ బస్సు నిండిపోయి వచ్చింది. అండాలు ఎక్కింది. మెట్టు దగ్గర నిలబడి నన్ను చూడకుండానే, ఇంక పో అన్నట్టు చెయ్యి ఊపింది. నేనూ ఎక్కాను. ఎందుకెక్కానో తెలియదు. నన్ను చూసి ఒక పిల్ల లేచి సీటు ఇవ్వబోయింది. అక్కరలేదన్నట్టు తల ఊపాను.

కండక్టర్ ఆడమనిషి. జనంలో తోసుకుంటూ వచ్చి అండాలు ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చింపి ఇచ్చింది. నా వైపు తిరిగింది.

"ఎక్కడికి పెద్దాయనా?"

"ఈమె నా చెల్లె," అన్నాను. గొంతు గట్టిగా వచ్చింది. "హరిప్రసాద్ అని, ఈమె కొడుకు. వాడు నా మేనల్లుడు. వాడి పుట్టువెంట్రుకలు నా ఒళ్లనే తీసిన్రు."

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"ఎవరైతే నాకేంది తాతా," అంది కండక్టర్. "మొగోళ్లకు ఫ్రీ లేదు. టికెట్ తీస్కో."

ఎవరో కిసుక్కుమన్నారు. అండాలు కిటికీ వైపే చూస్తూ ఉంది.

"గిప్పుడు లేసిందా నోరు," అంది. "అదీ బస్సుల."

జేబులో ఉన్నది ఆమె ఇచ్చిన నోట్లే. ఒకటి తీసి ఇచ్చాను. కండక్టర్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, చిల్లర లేదంటూ మిగతాది టికెట్ వెనక రాసిచ్చింది.

"దిగేటప్పుడు తీస్కో."

తల ఊపాను. తర్వాత గుర్తొచ్చి, "సరే" అన్నాను.