సుల్తాన్ వెనక సీటు

బందరులో ఎవరు కొత్త బండి కొనాలన్నా ముందు నా దగ్గరికి వచ్చేవారు. గొప్పకి చెబుతున్న మాట కాదిది, కోనేరు సెంటర్లో ఎవరినడిగినా చెబుతారు. మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంటుంది, పొడుగువాడికి ఏ సీటు నప్పుతుంది, పొట్టివాడికి ఏది, అన్నీ నన్నడిగాకే షోరూముకి వెళ్ళేవారు. నాది సిమెంటు కొట్టు. అక్కడికి సిమెంటు కోసం వచ్చేవాళ్ళకంటే బండి సలహా కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. మా నాన్నగారి నుంచి దక్కిన మూడువందల యాభై సీసీ బండి మీద నేను వస్తుంటే, ఆ చప్పుడు విని టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు లేచి బెంచీ ఖాళీ చేసేవారు.

అలాంటిది, రెండువేల మూడులో బాబ్జీ నన్ను ఒక్క మాటైనా అడక్కుండా సుల్తాన్ కొనేశాడు.

బాబ్జీ చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేస్తాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అని పిలుస్తాడు. సుల్తాన్ అంటే అప్పుడే మార్కెట్లోకి వచ్చిన క్రూజర్ బండి, నూట ఎనభై సీసీ. సీటు బాగా కిందికి, హ్యాండిల్ బాగా పైకి, కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చోవాలి. వెనక కూర్చునేవాళ్ళ వీపుకి ఆనడానికి ఒక చిన్న మెత్త కూడా బిగించి ఉంది. బాబ్జీ దాన్ని తీసుకొచ్చి టీ కొట్టు ముందు ఆపి, దాని మీద నుంచి దిగకుండానే టీ చెప్పాడు. నాకు అక్కడే మండింది.

"ఎలా ఉంది బావా?" అన్నాడు.

"క్షవరం కుర్చీలా ఉంది. గడ్డం గీయించుకోడానికి కొన్నావా?"

"అదేంటి బావా, పదిహేను హార్స్‌పవర్! నీ బండికంటే మూడే తక్కువ."

"కాగితం మీద గుర్రాలురా అవి. ఇద్దరెక్కితే రొప్పుతాయి."

"పవర్ ఒక్కటే చూస్తే ఎలా బావా? ఇమేజ్ ఉండాలి. చిలకలపూడి నుంచి ఇక్కడికొచ్చేలోపు ఎంతమంది తల తిప్పి చూశారో తెలుసా?"

"చూస్తార్రా, ఎందుకు చూడరు? పైనంతా మెరుపు, లోపలంతా రాగి. రోల్డ్‌గోల్డ్ బండి!"

కుర్రాళ్ళు పకపకా నవ్వారు. బాబ్జీ నవ్వలేదు. గ్లాసు బెంచీ మీద పెట్టి, "మా అమ్మ పెళ్ళికి పెట్టుకున్న గొలుసు రోల్డ్‌గోల్డే బావా. ఇప్పటికీ మెళ్ళోనే ఉంది," అన్నాడు. నోరు జారానని నాకు తెలిసింది. అయినా అంతమంది ముందు వెనక్కి తగ్గడం నా వల్ల కాలేదు.

పక్క షెడ్డులో స్పానర్ తుడుచుకుంటున్న మెకానిక్ అల్లావుద్దీన్ లేచి వచ్చాడు. మా ఇద్దరి బళ్ళూ చూసేది ఆయనే.

"ఊరికే అరుచుకోవడం దేనికండీ? ఆదివారం ఇద్దరూ మోపిదేవి వెళ్ళండి, ఎవరు ముందు చేరతారో తేలిపోద్ది. ఒంటరిగా వెళ్తే ఏ బండైనా పరిగెడుతుంది. ఇంట్లో ఆడవాళ్ళని ఎక్కించుకుని రావాలి. మధ్యలో వాళ్ళు దిగిపోతే లెక్కలోకి రాదు. నేను ముందు బస్సుకెళ్ళి గుడి దగ్గర ఉంటాను."

"ఓడినవాడు?" అన్నాను.

"అక్కడే నిలబడి, నాకు బళ్ళ గురించి ఏమీ తెలీదు అని అందరికీ వినపడేలా చెప్పాలి."

బాబ్జీకి ఆ మాటతో పోయేదేమీ లేదు. నేను ఆ మాట అంటే బందరులో మళ్ళీ ఎవరూ నాకు బెంచీ ఇవ్వరు. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే ఓడిపోతానన్న ఆలోచనే నాకు రాలేదు.

మా ఆవిడ నాగమల్లేశ్వరి నా బండెక్కి పన్నెండేళ్ళయింది. ఎక్కడికైనా బస్సులోనే వెళ్తుంది. "మా ఆవిడకి స్పీడంటే భయమండీ, నా బండి తట్టుకోలేదు," అని నేను అందరికీ కాస్త గర్వంగానే చెప్పుకునేవాణ్ణి. పందెం సంగతి చెప్పి, పరువుతో పని అన్నాను. "సరే, వస్తాను," అంది.

ఆదివారం పొద్దున్నే బాబ్జీ వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మ గారితో వచ్చాడు. సుల్తాన్‌ని చూసి సెంటరంతా నవ్వింది. వెనకుండాల్సిన మెత్త సీటుకి కుడిపక్కన నిలబడి ఉంది, దాని కింద కొత్త వెల్డింగు మచ్చలు.

"ఏరా, నీ ఇమేజ్‌కి ఏమైంది?" అన్నాను.

బాబ్జీ చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మ పక్కకి తిరిగి కూర్చుంటుంది కదా బావా. ఆ మెత్త వెనకుంటే పక్కటెముకల్లో పొడుస్తోందంది. అందుకని మా షాపు పక్కన వెల్డింగ్ చేయించి, వీపు వైపుకి మార్పించాను."

మహాలక్ష్మమ్మ గారు ఎక్కి, వెనక్కి ఆనుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకున్నారు. "పదరా," అన్నారు.

నేను కిక్కు కొట్టాను. ఊరు దాటేసరికి సుల్తాన్ అద్దంలో చుక్కంత అయిపోయింది. రోడ్డు మీద గుంతలున్నాయి, కానీ నా బండి గుంతల్ని లెక్కచేసే రకం కాదు. దారిలో ఒకచోట మా ఆవిడ నా భుజం మీద గట్టిగా కొట్టింది. హుషారు పుట్టిందనుకుని ఇంకా వేగం పెంచాను. మళ్ళీ కొట్టింది, మళ్ళీ పెంచాను. చల్లపల్లి సెంటర్లోకి రాగానే నా మెడ మీద గిల్లింది, దాంతో ఆపాను.

ఆమె దిగి, నడుం మీద చేయి వేసుకుని అలాగే వంగి నిలబడింది. ఈలోపు బాబ్జీ వచ్చేశాడు. వాళ్ళమ్మ మెత్తకి ఆనుకుని తాపీగా జంతికలు నములుతున్నారు.

"ఏమైందమ్మాయ్?" అన్నారావిడ.

నాగమల్లేశ్వరి ఆ మెత్తని చేత్తో తడిమి చూసింది. "పిన్నీ, కాసేపు మీరు మా బండి మీదికి మారతారా?"

"చచ్చినా మారను," అని మహాలక్ష్మమ్మ గారు ఓ జంతిక చేతిలో పెట్టారు.

అప్పుడే అవనిగడ్డ బస్సు వచ్చి ఆగింది. మా ఆవిడ జంతిక పట్టుకుని బస్సెక్కేసింది.

"మల్లీ! కాస్త దూరమేగా! నా మాట విను!" నేను కిటికీ పక్కనే బండి నడుపుతూ బతిమాలాను. బస్సు పొగంతా నా మొహం మీదే. లోపల ఎవరో పెద్దాయన, "పాపం, అంతలా అడుగుతున్నాడు, దిగమ్మా," అన్నాడు. "టికెట్ కొట్టేశానండీ," అన్నాడు కండక్టరు. బాబ్జీ మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళమ్మ చెయ్యి ఊపారు.

మోపిదేవిలో బస్సు ఆగేసరికి బాబ్జీ, అల్లావుద్దీన్ గుడి దారిలో టీ తాగుతున్నారు. మా ఆవిడ కమ్మీ పట్టుకుని మెల్లగా దిగింది. నేను ఆగలేకపోయాను.

"అందరి ముందూ పరువు తీశావు! స్పీడంటే అంత భయమైతే ఇంట్లోనే చెప్పొచ్చుగా?"

"నాకు స్పీడంటే భయమని మీకెవరు చెప్పారండీ?"

ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

"చిన్నాడు పుట్టినప్పటి నుంచీ నడుం నొప్పి. ఆనుకోడానికేమీ లేక, మీ బండి గుంతలో పడ్డప్పుడల్లా ప్రాణం పోయేది. అందుకే బస్సు. ముక్కూ మొహం తెలీనివాళ్ళని కూడా కూర్చోబెట్టి, ఏ సీటు నప్పుతుందో అడిగి మరీ చెప్తారు కదా. నన్నొక్కసారి అడిగారా?"

కోపం ఎటు పోయిందో తెలియలేదు. సిగ్గేసింది. బాబ్జీ బండి కొని రెండు వారాలు కాలేదు, వాళ్ళమ్మకి ఎక్కడ పొడుస్తోందో కనుక్కున్నాడు. దానికోసం కుర్రాళ్ళందరి చేతా నవ్వించుకున్నాడు. నేను పన్నెండేళ్ళు ఈ మనిషి నొప్పిని నా బండి గొప్పగా చెప్పుకు తిరిగాను.

"పందెం సంగతి తర్వాత చూద్దాంలెండి," అన్నాడు అల్లావుద్దీన్ నా మొహం చూసి.

"తర్వాతెందుకు?" అని దారి మధ్యకి వెళ్ళాను. మొక్కులకొచ్చిన జనం అటూ ఇటూ వెళ్తున్నారు. "నాకు బళ్ళ గురించి ఏమీ తెలీదు!" అని గట్టిగా అరిచాను. కొంతమంది ఆగి చూశారు. బాబ్జీ నవ్వుతాడనుకున్నాను, వాడు తల దించుకున్నాడు.

నాగమల్లేశ్వరి కొంగు సర్దుకుంది.

"బళ్ళ గురించి మీకు బాగానే తెలుసండీ," అంది.

నడుం మీద చేయి వేసుకుని గుడి వైపు కదిలింది. నేను బండి తాళం జేబులో వేసుకుని, ఆమె నడిచినంత మెల్లగా పక్కనే నడిచాను.