లోయ అంచున హారన్

“లారీ టైర్ల మీద కూడా పొయ్యండ్రా! తర్వాత వీడి మీద!”

ఆ గొంతు చెసెరెక్‌ది. బోడాల, అంటే కిరాయి మోటార్‌సైకిళ్ల, అడ్డాకి ఛైర్మన్ అతనే. కిబివొత్‌కి ప్రతి మాటా వినపడుతోంది. పైన రోడ్డు మీద అడ్డా మొత్తం ఉంది. కింద, లోయ వాలులో, ముళ్లపొదలో అతనొక్కడే ఉన్నాడు.

కుడికాలు బండి కింద ఇరుక్కుపోయింది. ఊపిరి పీలిస్తే పక్కటెముకల్లో ఏదో గుచ్చుకుంటోంది. “అన్నా” అని అరవబోయాడు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ట్యాంకులోంచి పెట్రోలు బొట్లు బొట్లుగా అతని చొక్కా మీద పడుతోంది. పైనుంచీ అదే వాసన.

“నేను గుద్దలేదు బాబూ!” ఒక పెద్దాయన గొంతు. “వాడే నా పక్కనుంచి బాణంలా పోయాడు. నా లారీ కొండ ఎక్కుతోంది. మేకలు కూడా నన్ను దాటిపోతున్నాయి. ఆ స్పీడులో నేనెవర్ని గుద్దుతాను?”

చెంప ఛెళ్లుమంది.

“మరి నీ చక్రం కింద ఇదేంటి ముసలోడా? గుమ్మడికాయా?”

అది తన హెల్మెట్ అని కిబివొత్‌కి అర్థమైంది. తలకి ఉండాల్సిన దాన్ని, అడ్డాలో అందరిలాగే, మోచేతికి తగిలించుకుని బయలుదేరాడు. బండి జారినప్పుడు అది ఊడి రోడ్డు మీద దొర్లింది. ఆగబోతున్న లారీ దాని మీదికెక్కింది. నలిగిన హెల్మెట్ చూసినవాళ్లు తల కూడా అలాగే నలిగిందనుకున్నారు.

“శవమేదిరా?” ఎవరో అడిగారు.

“లోయలోకి విసిరేసి ఉంటాడు. శవం ఎక్కడికీ పోదులే. ముందు వీడి పని చూద్దాం.”

బోడావాడు పడ్డాడంటే చాలు, కొండ మీద ఉన్న ప్రతి బోడా బేరాలు వదిలేసి వచ్చి వాలుతుంది. అది ఇక్కడి కట్టుబాటు. ఇందరూ కిబివొత్ కోసమే వచ్చారు. కానీ ఒక్కడూ కిందికి తొంగిచూడలేదు.

చూసింది ఒకే ఒక్కడు. ఆ లారీ డ్రైవరు. పడిన వెంటనే, చెవుల్లో హోరు ఇంకా తగ్గకముందే, పైనుంచి ఒక నెరిసిన తల కనపడింది. “బాబూ! బతికున్నావా? భయపడకు, తాడు తెస్తాను. నా పేరు ముతిండా. నేనిక్కడే ఉన్నా!” అంది. తాడు తేవడానికి లారీ దగ్గరికెళ్లినవాణ్ని అప్పుడే వచ్చిన బోడాలు చుట్టేశాయి. ఆపకుండా పోయి ఉంటే ఈపాటికి ఆయన కొండ పైకి చేరి టీ తాగుతుండేవాడు.

లారీ కిబివొత్‌ని తాకనే లేదు. ఆ సంగతి తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకడు అరుస్తున్నాడు, ఎవరూ నమ్మడం లేదు. రెండోవాడికి గొంతు లేదు.

కిబివొత్ ఈ కొండకి కొత్త. ఎల్దొరెట్ అవతల మొక్కజొన్న చేల మధ్య, బల్లపరుపు రోడ్ల మీద బండి నేర్చుకున్నాడు. అక్కడ బ్రేకుకన్నా హారన్ ఎక్కువ వాడేవాడు. ఇక్కడ రేకుల గదిలో ఒక్కడే మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద వండుకుని, ఒక్కడే తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. అడ్డావాళ్లు పసుపు జాకెట్టు ఇచ్చిన రోజు దాన్ని విప్పకుండానే నిద్రపోయాడు.

జాకెట్టు ఇచ్చారు గానీ వెక్కిరింపు మానలేదు. కొండ అంచుకి రాగానే ఇక్కడ అందరూ గేరు న్యూట్రల్లో పెట్టి, తాళం తిప్పి ఇంజను ఆపేస్తారు. పెట్రోలు మిగులుతుంది. చప్పుడు లేకుండా, గద్దల గుంపులా, వంపు తర్వాత వంపు జారుకుంటూ లోయలోని వంతెన దాకా పోతారు. కిబివొత్ మాత్రం రెండో గేరులో ఇంజను గుర్రుమనిపిస్తూ దిగేవాడు.

“అదిగోరోయ్, పిండిమర వస్తోంది!” వంతెన దగ్గర చెసెరెక్ కేకేసేవాడు. “ఏం తమ్ముడూ, ఎవరి మొక్కజొన్నలు ఆడిస్తున్నావు?”

అతను చేరేసరికి వాళ్ల టీలు అయిపోయేవి. నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు. ఖాళీ బెంచీ మీద ఒక్కడే కూర్చుని టీ తాగేవాడు.

ఈ మధ్యాహ్నం వెనక రెండు బస్తాల బంగాళదుంపలు కట్టుకుని కొండ అంచున ఆగాడు. “ఈరోజైనా మాతో దిగుతావా, పిండిమర పాటేనా?” అన్నాడు చెసెరెక్, జవాబు కోసం ఆగకుండా అందరితో ముందే జారిపోతూ. వాళ్లు వంపు దాటి కనుమరుగయ్యాక కిబివొత్ గేరు న్యూట్రల్లో పెట్టి తాళం తిప్పేశాడు. మొదటి వంపులో గాలి చెవుల్లో పాడింది. ఇదా సుఖమంటే అనుకున్నాడు. మూడో వంపు దగ్గర వెనక బ్రేకు కాలిన వాసన వచ్చింది. నాలుగో వంపులో బ్రేకు తొక్కితే పాదం ఊరికే కిందికి దిగింది. పట్టి ఉంచే ఇంజను లేదు, వెనక బస్తాల బరువు తోస్తోంది, ఎదురుగా లారీ. దాన్ని తప్పించుకున్నాడు గానీ, భయంతో ముందు బ్రేకు గట్టిగా నొక్కేశాడు. కంకర మీద చక్రం జారిపోయింది.

పైన ఎవరో అరిచారు. “అగ్గిపెట్టె ఎవడి దగ్గరుంది?”

కిబివొత్ బండి హ్యాండిల్ వైపు చూశాడు. హారన్ మోగాలంటే తాళం తిప్పాలి. వైరు ఎక్కడైనా తెగి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, తనే ముందు కాలిపోతాడు. చేయి చాపాడు. ముళ్లు మోచేతి దాకా చీరాయి. వేళ్లకి తాళం అందింది. కళ్లు మూసుకుని తిప్పాడు.

ఏమీ కాలేదు. బటన్ నొక్కాడు.

కీచుమంది. కోడిపిల్ల గొంతు పిసికినట్టుండే ఆ హారన్‌ని కూడా అడ్డాలో వెక్కిరించేవాళ్లు. నొక్కి పట్టుకున్నాడు.

పైన అరుపులు ఆగాయి.

“ఒరేయ్, అది పిండిమర హారన్ కదూ!”

అందరికన్నా ముందు దిగింది చెసెరెక్. పొద తప్పించి వంగాడు. ముఖం వెలిగింది. “బతికున్నావురా! ఒరేయ్ గాడిదా, బతికున్నావురా!” అని అతని తల నిమిరాడు. అంతలో చూపు మీటరు మీద పడి ఆగిపోయింది.

అక్కడ న్యూట్రల్ దీపం పచ్చగా వెలుగుతోంది.

లారీ గుద్దిన బండి గేరులో ఉంటుంది. న్యూట్రల్లో ఉందంటే ఇంజను ఆపి జారుతూ పడ్డాడని బోడావాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. చెసెరెక్ మెల్లిగా చేయి చాపి తాళం తిప్పాడు. దీపం ఆరిపోయింది.

“విను తమ్ముడూ.” గొంతు తగ్గించాడు. “లారీ గుద్దింది. అంతే. మనవాళ్లు ముసలోణ్ని ఇప్పటికే చితక్కొట్టారు. కాదన్నావంటే పోలీసులు అందర్నీ లాక్కుపోతారు. అడ్డా ఉండదు. నీకు జాకెట్టు ఉండదు, పలకరించే మనిషి ఉండడు. వీళ్లంతా నీ కోసం వచ్చారురా.”

“ఆయన ఆగాడు,” అన్నాడు కిబివొత్. మాట గుసగుసలా వచ్చింది.

“ఎవరు?”

“ఆయనొక్కడే కిందికి చూశాడు.”

చెసెరెక్ లేచి పైవాళ్లకి చెయ్యి ఊపాడు. మిగతావాళ్లు దిగారు. బండి ఎత్తి, అతన్ని జాకెట్లలో పడుకోబెట్టి పైకి మోశారు. ఎవరో నీళ్లు తాగించారు. “మా తమ్ముడు! మా పిండిమర!” అంటూ ఒకడు ఏడ్చేశాడు. ఇన్ని చేతులు ఎప్పుడూ అతన్ని ముట్టుకోలేదు.

రోడ్డు మీద బంగాళదుంపలు చెల్లాచెదురుగా పడున్నాయి. వాటి మధ్య ముతిండా మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల నుంచి పెట్రోలు కారుతోంది. ఒక కన్ను వాచిపోయింది. రెండో కంటితో కిబివొత్‌ని చూసి, “బతికావా బాబూ, మంచిది,” అన్నాడు.

పక్కన నిలబడ్డవాడి చేతిలో అగ్గిపెట్టె తెరిచే ఉంది.

చెసెరెక్ గుంపు మధ్యకి నడిచాడు. అందరి కళ్లూ అతని మీదే. కిబివొత్ కేసి తిరిగాడు. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలుతున్నాడు.

“చెప్పు తమ్ముడూ. ఎవరు చేశారిది? అందరికీ వినపడేలా పేరు చెప్పు.”

కిబివొత్ పసుపు జాకెట్ల వలయాన్ని ఒకసారి చుట్టూ చూశాడు. చెప్పాక ఈ చేతులు వెనక్కి పోతాయి. రేకుల గది, గోడ, ఖాళీ బెంచీ మళ్లీ ఎదురుగా కనపడ్డాయి. పక్కటెముకలు పట్టుకుని, దొరికినంత గాలి పీల్చాడు.

“కిబివొత్,” అన్నాడు.

“అది నీ పేరు కదరా?” అన్నాడు అగ్గిపెట్టెవాడు. “దెబ్బకి మతి పోయిందా?”

“పోలేదు. లారీ నన్ను ముట్టుకోలేదు. కొండ అంచున ఇంజను ఆపేసింది కిబివొత్. ఈ దిగుడు దిగడం రానివాడు కిబివొత్. ఆ పెద్దాయన్ని వదిలేయండి. ఇది చేసింది కిబివొత్.”