ఎదురుగా కూర్చుని నేర్చుకున్న ముడి

నా వయసువాళ్ళలో ఆ ఎడారి కొండచీలికని ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచినవాడు ఇంకొకడు ఉంటే తీసుకొచ్చి నా ముందు నిలబెట్టండి, వాడి చెప్పులు నేను మోస్తాను. నేను నడిచాను. చేతిలో కర్ర లేదు, ఒకరి చెయ్యి అందుకున్నది లేదు. వెనకాల మా అల్లుడు రొప్పుకుంటూ వస్తుంటే, "ఏం అల్లుడుగారూ, మోకాళ్ళు అరిగాయా?" అని పరాచికాలాడుతూ మరీ నడిచాను.

మా అల్లుడు పళ్ళ డాక్టరు. ఊరందరి నోళ్ళూ తెరిపిస్తాడు గానీ తన నోరు తెరవాలంటే మాత్రం అతనికి ప్రాణం మీదికొస్తుంది. అతని నోట్లో ఇరుక్కుపోయిన ఒక్క మాట కోసమే ఈ ప్రయాణమంతా. ఆ మాటేమిటో నాకు ముందే తెలుసు. క్లినిక్‌లో చీటీలిచ్చే అమ్మాయి నోరు జారింది. "తాతగారూ, డాక్టరుగారు ఎదురు కళ్ళజోళ్ళ షాపు మేడంని చేసుకుంటున్నారటగా. పెళ్ళయ్యాక ఇద్దరూ ఆవిడ ఊరికి వెళ్ళిపోతారటగా. ఇక మీ పళ్ళు ఎవరు చూస్తారు?" అంది.

నా పళ్ళ సంగతి దేవుడెరుగు. నా కూతురు జబ్బు చేసి పోయి మూడేళ్ళయింది. దాని తల్లి అంతకు చాలా ముందే పోయింది. ఈ భూమ్మీద నన్ను "మామయ్యా" అని పిలిచేవాడు ఒక్కడు మిగిలాడు. రెండు వీధుల అవతలే ఉంటాడు. ఆదివారం సాయంత్రం వస్తాడు, టీ తాగుతాడు, నా నోట్లోకి టార్చి వేసి చూసి, "బాగానే ఉన్నాయి మామయ్యా" అని అబద్ధం చెప్పి వెళతాడు. ఆ మాట అతని నోటినుంచి బయటపడిందా, ఇక అతనెవరో నేనెవరో. కాబట్టి దాన్ని బయటికి రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

"మామయ్యా, మేం ఏటా వెళ్ళేచోటికి ఒక్కసారి మీరూ రండి" అని అతనే అడిగాడు. మేం అంటే అతనూ, మా గిజిగాడూ. గిజిగాడంటే నా కూతురు. నేను లారీ డ్రైవరుని. తల్లిలేని పిల్లని ఎవరి ఇంట్లో వదలాలో తెలియక లారీలోనే వేసుకు తిరిగాను. నేను లోడు మీద టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగిస్తుంటే అది తాడు కొసలు పట్టుకుని ఏదో ఒకటి అల్లుతూ ఉండేది. అందుకని గూడు అల్లే ఆ పిట్ట పేరు పెట్టాను. పెళ్ళయ్యాక ఏడాదికోసారి మొగుణ్ణి తీసుకుని వ్యానులో ఆ ఎడారి ఒడ్డుకి పోయి, ఇసకలో గుడారం వేసుకుని పడుకుని వచ్చేది. నన్నూ రమ్మనేది. "బతుకంతా రోడ్డు పక్కనే పడుకున్నానే, ఇప్పుడు సరదాకి కూడా పడుకోవాలా?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

ఈసారి వెళ్ళాను. వ్యాను నెత్తిమీద గుడారం, పరుపులు, నీళ్ళ డబ్బాలు. వాటి మీద తాడు నేనే కట్టాను. అల్లుడు చెయ్యి వెయ్యబోతే, "మీరు పళ్ళు కట్టుకోండి బాబూ, లోడు నాకొదిలెయ్యండి" అన్నాను.

ఊళ్ళు అయిపోయాక రోడ్డుకి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఇసక. మధ్యలో మేం. చెట్టు లేదు, పుట్ట లేదు, చూడటానికి ఏమీ లేనిచోట మాటలు వాటంతట అవే పుట్టుకొస్తాయి. అతను గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యా, మీతో ఒక మాట..."

"ఇదే రోడ్డు అల్లుడుగారూ! ఇక్కడే ఒకసారి ఎదురుగాలికి నా లారీ నాలుగో గేరులో వెనక్కి నడిచింది. పెట్రోలు బంకు దాటి వచ్చినవాణ్ణి మళ్ళీ బంకులోనే తేలాను."

"మీరీ రోడ్డుకి ఎప్పుడూ రాలేదన్నారుగా?"

"నేను రాలేదు. లారీ వచ్చింది. నేను నిద్రపోతున్నాను."

నవ్వాడు. నవ్వుతున్నవాడు ఇంకేం అడుగుతాడు? ఆ పూటకి గండం గడిచింది.

చివరి బంకు దగ్గర ఆగాం. అక్కణ్ణించి ముందుకు పెట్రోలు దొరకదు. మొహానికి గుడ్డ చుట్టుకున్న బంకతను వ్యానుని గుర్తుపట్టి ఎదురొచ్చాడు.

"ఏం సార్, మూణ్ణాలుగేళ్ళయింది మీరు కనపడి! అమ్మగారేరీ? దిగమనండి. టైర్లు తన్ని చూడందే ఆవిడ బండి కదలనివ్వరుగా!"

మా అల్లుడు స్టీరింగు వంక చూస్తూ ఉండిపోయాడు. ఇక నేనే దిగాను.

"అమ్మగారు ఈసారి రాలేదయ్యా. నేను వాళ్ళ నాన్నని. ఆ తన్నుడు నేర్పింది నేనే" అని నాలుగు టైర్లూ తన్నాను. నాలుగోదానికి బొటనవేలు చివుక్కుమంది. బంకతనికి ఏదో అర్థమైనట్టుంది. గుడ్డ కిందికి లాక్కుని, అద్దం తుడవక్కర్లేకపోయినా చాలాసేపు తుడిచాడు.

సాయంత్రానికి ఒడ్డుకి చేరి గుడారం వేశాం. మేకులు ఇసకలో నిలవవు. సంచుల్లో ఇసక నింపి పాతి, వాటికి తాళ్ళు కట్టాలి. అదంతా నేనే చేశాను. అతన్ని గ్యాసు పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను. టీ కాచాడు. అందులో సగం టీ, సగం ఇసక.

"మామయ్యా..."

"ఈ సముద్రం ఉందే, ఇది మొదట్లో తియ్యగా ఉండేదండీ. నేను ఉప్పు లోడు తెస్తూ మలుపులో బోల్తా కొట్టించాను. అప్పట్నించీ ఇలా తగలడింది."

నవ్వు మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. "ఈ కథ తను చెప్పింది మామయ్యా. నిజమని నమ్మి బళ్ళో పంతులమ్మతో దెబ్బలాడిందట కదా? మా నాన్నే చేశాడు, మీకేం తెలుసు అందట."

అవును, ఆ పంతులమ్మ నన్ను పిలిపించింది. వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను. "మీ అమ్మాయికి నిజం చెప్పండి" అంటే, "బోల్తా కొట్టింది నేను కాదమ్మా, క్లీనరు" అన్నాను. ఇది అతనికి చెప్పాలనుకున్నాను. గొంతులో ఇసక పడింది. గ్లాసు పక్కన పెట్టి లోపలికెళ్ళి పడుకున్నాను.

పొద్దున్నే కొండచీలికకి బయల్దేరాం. ఇక్కడ మొదట్లో చెప్పినదాన్ని కాస్త సవరించుకోవాలి. కర్ర లేదన్నాను, ఉంది. అయితే అది గుడారం కర్ర, చేతికర్ర కాదు. ఒకరి చెయ్యి అందుకోలేదన్నాను, అదీ నిజమే, నేను అందుకున్నది భుజం. ఆ కొస ఎలా ఉంటుందో మా అల్లుణ్ణే అడగాలి. రొప్పింది ఎవరో మీరీపాటికి గ్రహించే ఉంటారు.

ఆ చీలిక మొదట్లో రెండు లారీలు పక్కపక్కన పట్టేంత ఉంటుంది. పోగా పోగా ఇంటి నడవంత అవుతుంది. ఆ తర్వాత పొట్ట లోపలికి పీల్చి నడవాలి. గోడలు దొంతరలు దొంతరలుగా, ఎవరో దుప్పట్లు మడిచి పేర్చినట్టు ఉంటాయి. రాతిలో గవ్వలు. పైన ఆకాశం తాడంత సన్నగా. ఎండాకాలమైనా లోపల చల్లగా ఉంది. అల్లుడు ముందు నడుస్తూ, చెయ్యి పెట్టాల్సినచోటల్లా గోడని తట్టి చూపిస్తున్నాడు. అలా తట్టి చూపించడం ఎవరు అలవాటు చేశారో నేను అడగలేదు.

ఒకచోట పెద్ద బండరాయి దారికడ్డంగా ఇరుక్కుని ఉంది, నిలువెత్తు మీద ఇంకో మూరెడు. అతను పాకి ఎక్కి, వెంట తెచ్చిన తాడు జారవిడిచాడు. నేను పట్టుకున్నాను, అతను లాగాడు. నేను ఎక్కానంటే ఎక్కాను, అతను నన్ను ఎక్కించుకున్నాడంటే అదీ నిజమే. పైన ఊపిరి తీసుకోవడానికి కూలబడ్డాను. తిరిగి దిగేటప్పటికి తాడు సిద్ధంగా ఉండాలని అతను నా పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని ఒక రాతి కొమ్ముకి చుట్టి ముడి వేస్తున్నాడు.

లోడు ముడి. నేను బతుకంతా వేసిన ముడి. తాట్లో ఒక మెలిక తిప్పి, అందులోంచి మడత లాగి, కొసని రాతి చుట్టూ తెచ్చి మడతలోంచి బిగించడం. ఒక మనిషి లాగితే ముగ్గురు లాగినట్టు బిగుస్తుంది. కానీ నా ముడిలో మెలిక కుడికి పడుతుంది. అతని ముడిలో ఎడమకి పడింది.

నా కూతురు దాన్ని లోడు మీద నాకెదురుగా కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ నేర్చుకుంది. అద్దంలో చూసినట్టు నేర్చుకుంది. నా కుడి దానికి ఎడమైంది. "తిరగేసి కట్టావే తల్లీ" అంటే, "లోడు పడిందా నాన్నా?" అనేది. పడలేదు. "మరింకేం?" అనేది. చచ్చినా మార్చుకోలేదు. ఏ లారీ షెడ్డులోనూ అలా తిరగేసి కట్టినవాణ్ణి నేను చూడలేదు. ఇతనేమో దాని పక్కన కూర్చుని నేర్చుకున్నాడు, కాబట్టి దానిది దానిలాగే వచ్చింది.

"అల్లుడుగారూ, అది విప్పి ఇంకోసారి కట్టండి."

కట్టాడు.

"ఇంకోసారి."

మళ్ళీ కట్టాడు. బొటనవేలు మడతలో పెట్టి, చివర్లో కొసని ఒక్క కుదుపు కుదిపి. ఆ కుదుపు కూడా దానిదే.

"తప్పు కడుతున్నానా మామయ్యా?"

"ఆఁ, తప్పే. ఇంకోసారి కట్టండి."

నా మొహం చూసి అతని చేతులు ఆగిపోయాయి. అప్పుడు చెప్పాను, ఎదురుగా కూర్చుని నేర్చుకున్న సంగతి. అతను తన చేతుల వంక, ఎవరో తన దగ్గర దాచిపెట్టి మర్చిపోయిన వస్తువులవంక చూసినట్టు చూసుకున్నాడు.

"నాకు తెలీదు మామయ్యా. తనెప్పుడూ చెప్పలేదు."

"దానికి తెలిసినా ఒప్పుకోదు. తిరగేసి కడుతున్నది లోకమంతా, నేను కాదు అంటుంది."

కాసేపటికి అతను మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. "మామయ్యా, ఒక మాట..."

నా దగ్గర ఇంకో కథ ఉంది. లారీలో ఏనుగుని ఎక్కించుకుని, దానికి డ్రైవింగు నేర్పిన కథ. నోటిదాకా వచ్చింది. రాతి కొమ్ముకి ఆ ముడి బిగిసి ఉంది, నా కళ్ళముందే. ఏనుగు వెనక్కి పోయింది.

"కళ్ళజోళ్ళావిడ మంచిమనిషేనా?" అన్నాను.

అతను ఉలిక్కిపడలేదు. మెల్లగా కూర్చుండిపోయాడు.

"ఎప్పట్నించి తెలుసు?"

"మీరు బయల్దేరదామన్నప్పటికే తెలుసు."

"అందుకేనా లారీ వెనక్కి నడవడం, సముద్రం..."

"ఇంకా ఏనుగు ఉంది. అవసరం పడితే."

అతను ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. నా కూతురు పోయినప్పుడు కూడా అందరికీ మంచినీళ్ళు అందిస్తూ తిరిగాడే గానీ ఏడవలేదు. ఇప్పుడు మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఇరుకులో ఆ చప్పుడు గోడల మధ్య తిరిగి తిరిగి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. అన్నేళ్ళూ మీరు మీరు అంటూ వచ్చినవాణ్ణి, నాకు తెలియకుండానే నువ్వులోకి దిగిపోయాను.

"చేసుకో నాయనా. వెళ్ళు. ఎన్నాళ్ళని ఆదివారం ఆదివారం వచ్చి నా పళ్ళు చూస్తావు? చూడటానికి అవేమన్నా మిగిలాయా?"

"మిమ్మల్ని ఒక్కర్నీ వదిలేసి..."

"నన్ను వదలడానికి నువ్వు పట్టుకున్నదెప్పుడు? లోడు కట్టుకున్నది నేను. నువ్వు వెళ్ళు."

అతను తలూపాడు. అక్కడితో ఊరుకుంటే పెద్దమనిషినే. ఊరుకోలేదు.

"ఒక్కటి. ఈ ముడి మాత్రం ఆవిడకి నేర్పకు."

అన్నాక నా చెవులకే బాగా అనిపించలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోను.

"నేర్పను" అన్నాడు.

"నువ్వు కట్టడం మానకు."

"మానను." ఆగి, "ఇకమీద మిమ్మల్ని ఏమని పిలవను?" అన్నాడు.

"బోసినోటి ముసలాడా అని పిలు."

అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు, నా హాస్యానికి నేనైనా నవ్వేవాణ్ణి.

అక్కణ్ణించే వెనక్కి తిరిగాం. గుడారం విప్పాక లోడు అతన్నే కట్టమన్నాను. దారంతా కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తాడుని ముట్టుకుంటూ కూర్చున్నాను. గాలికి అది సన్నగా మూలిగేది. నేను కథ చెప్పలేదు, అతను గొంతు సవరించుకోలేదు. బంకు దగ్గర పెట్రోలు పోయించుకుని, ఎవరమూ దిగకుండా వచ్చేశాం.

మా ఇంటి ముందు సంచి దించి లోపల పెట్టాడు. ఆదివారం కాకపోయినా జేబులోంచి టార్చి తీశాడు. నేను నోరు తెరిచాను. ఎప్పటికంటే ఎక్కువసేపు చూశాడు.

"కింద వరసలో ఒకటి కదులుతోంది. ఎవరికైనా చూపించండి మామయ్యా."

ఎవరికైనా అన్నాడు. ఆ మాట అన్నాక ఇద్దరం చాలాసేపు గుమ్మం మీద ఊడిన సున్నం వంక చూశాం. తర్వాత వ్యాను ఎక్కాడు. వీధి చివర మలుపులో బండి ఆగింది. అతను కిటికీలోంచి తల బయటికి పెట్టి, వీధంతా వినపడేలా, "మామయ్యా! వచ్చే ఏడు మళ్ళీ వెళ్దాం, తాడు జాగ్రత్త!" అని కేకేశాడు. ఎదురింటి అరుగు మీద ఇస్త్రీ చేస్తున్నతను తలెత్తి చూశాడు.

లారీలు, ఏనుగులు అయితే మీరు ఎలాగూ నమ్మరు, వాటి గురించి చెప్పక్కర్లేదు. నమ్మేలా చెప్పినవాటిలో ఒక్కటి నా కల్పన. బండి మలుపులో ఆగలేదు. ఇండికేటరు కాసేపు కొట్టుకుంది, బండి తిరిగిపోయింది. కేకా లేదు, వచ్చే ఏడూ లేదు. ఇస్త్రీ అతను తలెత్తి చూసిన మాట మాత్రం నిజం. ఈ ముసలాయన ఇంకా గుమ్మంలోనే ఎందుకు నుంచున్నాడా అని చూశాడు.