డెబ్బై తొమ్మిదేళ్ల పడిగె

ఫొటోలు ఉన్నాయి కదా, నలభై మూడు ఫొటోలు, ఒక్కో బొమ్మకు ఒక్కో నంబరు, ఇంతకంటే స్పష్టంగా ఎవరు తీసి ఇస్తారు, కొత్త పడిగె గీసేవాడు వీటిని ముందు పరుచుకుంటే చాలదా, చాలుతుంది, చాలాలి, ఆధార్ చూపియ్యమ్మా అని కండక్టర్ రెండోసారి అంటే గాని బస్సు ఖమ్మం దాటిందని తెలియలేదు, బ్యాగులో కవరు కింద వెతికి కార్డు తీశాను, ఇస్మత్ బేగం, తండ్రి అబ్దుల్ సత్తార్, అతను ఒక్క చూపు చూసి మిషన్‌లోంచి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ లాగి ఇచ్చాడు, ఎంత తేలిక, అడిగితే చూపిస్తాం, చూపిస్తే పని అయిపోతుంది, జోగయ్య తాత కూడా ఇలాగే అడగగానే తీసి ఇచ్చాడు, చొక్కా లోపలి జేబులో పాలిథిన్ కవరులో దాచుకున్న కార్డు, ఎందుకని కూడా అడగలేదు, దుకాణంలో రాసుకోవాలి తాతా అన్నాను, పుట్టిన తేదీ ఒకటి జనవరి పంతొమ్మిది వందల నలభై ఆరు, అడవి ఊళ్లలో ముసలివాళ్లందరూ జనవరి ఒకటినే పుట్టారు కార్డు రాసినవాడి పుణ్యమా అని, జిరాక్సు తీయించుకుని కార్డు ఆయన చేతిలో పెట్టాను, భద్రంగా పెట్టుకో తాతా అని జాగ్రత్త కూడా చెప్పాను, ఆ జిరాక్సు ఫైలులో ఏడో కాగితమైంది.

పడిగె అంటే ఏమిటో ఆ రోజుదాకా నాకూ సరిగ్గా తెలియదు, ఫారం మీద నేను రాసింది చేత్తో రంగులు వేసిన నూలు జెండా, మూడు మూలలది, పన్నెండు అడుగుల పొడవు, పాతది, అంతే, జోగయ్య తాత లెక్కలో అది కోయల వంశమంతా, వాళ్ల ఇలవేల్పు ఎక్కడ పుట్టింది, ఏ వాగు దాటింది, ఎవరితో పోరాడింది, బొమ్మ పక్కన బొమ్మ, కొలుపు నాడు దాన్ని వెదురుకు కట్టి లేపితే ఆయన డోలు కొడుతూ మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మదాకా పాడతాడు, ఆ ఇంటివాళ్ల పనే అది, తండ్రి పాడాడు, తాత పాడాడు, అబ్బా బతికున్నప్పుడు ఒకసారి తాతకు కలెక్టరాఫీసు వాళ్లు ప్రశంసాపత్రం ఇస్తే కమాన్ బజారులో మా దుకాణానికే తెచ్చాడు పటం కట్టించుకోవడానికి, అబ్బా పైసా తీసుకోలేదు, పాటగాడి దగ్గర ఏం తీసుకుంటం అన్నాడు, అందుకే మొన్న నవంబర్‌లో తాత మెట్లెక్కి వచ్చి నువ్వు సత్తార్ బిడ్డవా అని నవ్వుతూ అడిగి, అవ్ తాతా అనగానే భుజం మీది మూట దింపి నా బల్ల మీద పెట్టేశాడు, రసీదు అడగలేదు, దీన్ని బాగుచెయ్యి బిడ్డా, శివికిపోయింది, బాగైనంక దీన్ని చూస్కుంట కొత్తది గీపియ్యాలె, మా పాపయ్య నీ కాడికి తీస్కపొమ్మన్నడు అన్నాడు, పాపయ్య వాళ్ల వంశానికి పెద్ద, పాపయ్య దాన్ని అప్పటికే అమ్మేశాడు, ఆ సంగతి నాకు తెలుసు, మోసుకొచ్చిన మనిషికి తెలియదు.

ముందువరుసలో ఎవరో కిటికీ మూశారు, అద్దం చప్పుడు కిషన్‌లాల్ నవ్వులా ఉంది, కిషన్‌లాల్ సేట్ హైదరాబాదులో పాత వస్తువుల వ్యాపారి, పాపయ్య పడిగెను అమ్మింది ఆయనకే, నేను అక్కడ ఎగుమతి ప్యాకింగ్ కంపెనీలో పదేళ్లు చేసినప్పటి పరిచయం, అబ్బా పోయాక నేను ఖమ్మం వచ్చి దుకాణం తెరిస్తే అద్దాల పటాలతో పూట గడవని రోజుల్లో పని ఇచ్చింది ఆయనే, చెడ్డవాడని అనలేను, చట్టం తప్పి ఒక్క వస్తువు పంపడు, నూరేళ్లు దాటినదైతే చెయ్యి కూడా వేయడు, నూరేళ్లు నిండిన వస్తువు దేశం దాటకూడదు, నిండలేదని రుజువు చూపిస్తే పురావస్తువు కాదని సర్టిఫికెట్ ఇస్తారు, ఆ కాగితం ఉంటే కస్టమ్స్‌లో ఎవరూ ఆపరు, బెహన్, దీనికి ఉమర్ సబూత్, వయసు రుజువు కావాలె, ఎవలేసిండ్రో ఎప్పుడేసిండ్రో ఆ ముసలాయన నోటితోని చెప్పించు, మిగతాది నేను చూస్కుంటా అన్నాడు ఫోనులో, చెప్పించడం ఎంతసేపు, చాయ్ తెప్పించి, ఇది ఎవరు గీశారు తాతా అన్నాను, అంతే, ఆయన పడిగెను బల్ల మీద పరిచి బొమ్మల మీద చెయ్యి ఆడిస్తూ, మా అయ్యే ఏసిండు బిడ్డా, నేను పుట్టిన ఏడు, మా అమ్మ బాలింత, అయ్య వాకిట్ల కూసోని గీస్తుంటే నేను ఏడ్సినప్పుడల్లా కుంచె కింద వెట్టి నన్నెత్తుకునేటోడట, గిదో గీ గుర్రం కాలు వంకర వొయింది జూడు, గది నా వల్లనే అని నవ్వాడు, నేనూ నవ్వాను, నా ఫోను బల్ల మీద బోర్లా పడి ఉండి అంతా రికార్డు చేసుకుంటోంది, ఈ పడిగెను నా తండ్రి నేను పుట్టిన సంవత్సరం వేసినాడు అని టైపు చేసి చదివి వినిపిస్తే, అవ్, నిజమే బిడ్డా, మంచిగ రాసినవ్ అని బొటనవేలు ముందుకు చాపాడు, ఆ కాగితం దేనికో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, డెబ్బై తొమ్మిదేళ్లు, నూటికి ఇరవై ఒకటి తక్కువ, ఒక్క అక్షరం అబద్ధం లేదు, నేలమీద బోర్లాపడి ఏడ్చిన పసివాడు ఎనభైకి దగ్గరపడి వచ్చి తన తండ్రి చేతిపని దేశం దాటించడానికి తనే సాక్ష్యం చెప్పి పోయాడు.

ఇల్లందు, ఇల్లందు దిగేటోళ్లు అని అరుపు, ఇక్కడ బస్సు మారాలి, బొగ్గు లారీలు వరసగా పోతుంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను, షిఫ్టు దిగిన గని కార్మికులు టిఫిన్ డబ్బాలతో చాయ్ బండి చుట్టూ మూగారు, ఒకాయన కూల్‌డ్రింకు తాగుతున్నాడు, నాకు చటుక్కున డీప్ ఫ్రీజర్ గుర్తొచ్చింది, పాత గుడ్డలో పురుగులుంటే అవతలి దేశం వాళ్లు ఒప్పుకోరు, అందుకని గాలి తీసిన కవరులో పెట్టి రెండు వారాలు గడ్డకట్టే చలిలో ఉంచాలి, ఖమ్మంలో అలాంటి వసతి ఎక్కడిది, పక్క కూల్‌డ్రింకు షాపు మోతీకి చెప్పి అతని ఫ్రీజర్‌లో అడుగున ఉంచాను, మీద ఐస్‌క్రీం డబ్బాలు, సరిగ్గా ఆ వారమే జోగయ్య తాత దాని కోసం అడుగుతూ మొదటిసారి వచ్చాడు, అయిందా బిడ్డా అంటే, అవుతుంది తాతా, కుట్లు నెమ్మదిగా వేయాలి కదా అన్నాను, ఎండన పడి వచ్చాడని మోతీ దగ్గర సోడా తెప్పించి ఇచ్చాను, ఆయన ఆ ఫ్రీజర్‌కు ఆనుకుని నిలబడి సోడా తాగాడు, సల్లగుంది అన్నాడు, రెండోసారి వచ్చేసరికి అది హైదరాబాదులో, పురావస్తువో కాదో తేల్చే కమిటీ ముందు ఉంది, మూడోసారి వచ్చేసరికి దేశంలోనే లేదు, అప్పుడు నేను షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాను, ఆయన చెప్పుల చప్పుడు నాకు తెలుసు, ఇస్మత్ బిడ్డా, ఇస్మత్ బిడ్డా అని రెండుసార్లు పిలిచి, ఏడికన్న పొయిందేమో అని తనే సర్దిచెప్పుకుని వెళ్లిపోయాడు, కోపం కూడా రాలేదు ఆయనకు, వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

టేకులపల్లి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, రోడ్డుకు రెండు వైపులా ఆకు రాల్చిన టేకు చెట్లు, ఎక్కడినుంచో ఇప్పపూల వాసన, ఇంత టేకు మధ్య పుట్టిన దాన్ని నేను పైన్ చెక్క పెట్టెలో పెట్టాను, చెక్కను కాల్చినట్టు వేడి చేసి పురుగు లేదని గోధుమకంకి ముద్ర కొడితే గాని ఏ దేశమూ రానివ్వదు, పెట్టె నేనే కొలతలు తీసి చేయించాను, బొమ్మలు బయటి వైపు ఉండేట్టు పడిగెను లావు గొట్టానికి చుట్టి, పొరపొరకు యాసిడ్ లేని టిష్యూ కాగితం, చెమ్మ పీల్చే పొట్లాలు, పైన గొడుగు గుర్తు, పగిలే గ్లాసు గుర్తు, పెట్టె పక్కకు వాలితే ఎర్రబడే స్టిక్కర్, చెప్పకూడదు గాని అంత చక్కటి ప్యాకింగ్ నా జీవితంలో చేయలేదు, చేస్తున్నంతసేపూ నా మనసు ఎంత నిమ్మళంగా ఉందో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది, బిడ్డకు స్నానం చేయించి గుడ్డల్లో చుట్టినట్టు చుట్టాను, ఆ వంకర గుర్రం కాలు ఫొటో తీస్తూ పక్కన స్కేలు పెట్టి, నంబరు పదిహేడు, పాత మరక ఒకటి, అంచున చిరుగు రెండు అంగుళాలు అని రాశాను, చేరేలోపు ఏదన్నా దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యతో తేల్చడానికి ఆ ఫొటోలు, బెల్జియంలో దాన్ని కొన్నాయన మెయిల్ పెట్టాడు, ఏ దెబ్బా తగల్లేదు, చాలా సంతోషం అని.

ఆటో దిగి రెండు సందులు నడిచేసరికి జోగయ్య తాత వాకిట్లోనే ఉన్నాడు, డోలుకు తాళ్లు బిగిస్తున్నాడు, నన్ను చూసి లేవబోయి, బిడ్డా, ఇంత దూరం నువ్వే వచ్చినవా, నేనే వద్దామనుకుంటున్న అన్నాడు, కోడలిని పిలిచి నీళ్లు ఇప్పించాడు, ఆయన కళ్లు నా బ్యాగు మీదే ఉన్నాయి, పన్నెండు అడుగుల గుడ్డ ఆ బ్యాగులో పట్టదని ఆయనకు తెలుసు, నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, అది లేదు తాతా, అమ్ముడుపోయింది, పాపయ్య అమ్మిండు, వేరే దేశం పోయింది, నాకు ముందే తెలుసు అన్నాను, ఆయన తాడు వదల్లేదు, సగం బిగించిన తాడు చేతిలో అలాగే పట్టుకుని, గందుకేనా, పెండ్లాం సచ్చిపొయినకాణ్ణుంచి పాపయ్య నా ముంగటికి వస్తలేడు, దవాఖానల మస్తు అయిందన్నరు, గందుకే అమ్మిండు గావచ్చు అన్నాడు, పాపయ్యను తిట్టలేదు, నేను గబగబా కవరు తీసి ఫొటోలు మంచం మీద పరిచాను, అన్నీ ఉన్నాయి తాతా, ఒక్క బొమ్మ కూడా పోలేదు, వీటిని చూసి గీయించొచ్చు అన్నాను, ఆయన పదిహేడో నంబరు తీసి కళ్ల దగ్గర పెట్టుకుని, గీ పుల్లేంది అన్నాడు, స్కేలు తాతా, కొలత కోసం అన్నాను, మా గుర్రానికి కొలత వెట్టినవా అని ఫొటోను మెల్లగా మంచం మీద పెట్టేశాడు.

కొత్తది అయిపోయింది బిడ్డా అన్నాడు, నాకు అర్థం కాలేదు, లోపలికి చెయ్యి చూపించాడు, దూలానికి బుట్ట వేలాడుతోంది, తెల్లటి కొత్త గుడ్డ అంచు కనిపిస్తోంది, నువ్వు ఆలిశెం జేస్తున్నవని నెల కిందనే గీపించిన, నేను పాడుకుంట వోయిన, గీసేటోడు గీసుకుంట వోయిండు, నాకు చూడాల్నా ఏంది, కండ్లు మూసుకుంటె కనవడతది, గుర్రం కాలు గూడ వంకరనే ఏపిచ్చిన అన్నాడు, మరి ఎందుకు తాతా మూడుసార్లు తిరిగినవ్ అని నోరు జారింది, పాతదాన్ని సాగనంపాలె గద బిడ్డా, మా ఇంట్ల గట్లనే, మనిషికి చేసినట్టు చేసి, ఏడ్సి, వాగుల కలుపుతం, అది పోయినంకనే కొత్తది లేస్తది, నలభై గడపలోళ్లు కొలుపు ఆపుకొని కూసున్నరు అన్నాడు, నేను మంచం మీది ఫొటోలు ఒక్కొక్కటే ఏరి కవరులో పెట్టసాగాను, నలభై మూడు ఫొటోలతో నేను పూడ్చబోయిన గొయ్యి ఒకటి, తవ్వింది ఇంకొకటి.

అది నీళ్ల మీద పోయిందా అని అడిగాడు తాత, ఓడల పోయిందా, సముద్రం దాటిందా, ఆ గొంతులో చిన్న ఆశ వినిపించింది, నీళ్ల మీద పోయిందంటే వాగులో కలిసినట్టే అనుకుంటాడు, కొలుపు జరుగుతుంది, కొత్తది లేస్తుంది, అవ్ తాతా ఓడలోనే అంటే సరి, ఎవరు వచ్చి చూస్తారు, ఒక్క మాటతో ఆయనకు నిమ్మళం, నాకూ నిమ్మళం, నోటిదాకా వచ్చింది, అప్పుడు చూశాను ఆయన నా మొహంలోకి ఎలా చూస్తున్నాడో, దుకాణంలో మూట దింపిన రోజులాగే, నేను ఏది చెబితే అది పాటలో పెట్టుకునేట్టు, లేదు తాతా, విమానంల పోయింది, గాలిల అన్నాను, ఆయన తల ఊపి, గట్లయితే గట్లనే పాడాలె, దాన్ని ఎవలేసిండ్రు, ఎవలు మోసిండ్రు, ఏ తొవ్వల పోయింది, అన్నీ ఉంటయి మా పాటల, ఎట్ల వొయిందో తెల్వకపోతె దానికోసం ఏడ్సేదెట్ల, చెప్పు అన్నాడు డోలు ఒళ్లోకి లాక్కుని, నేను కిషన్‌లాల్ సేట్ అని మొదలుపెట్టాను, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, ఆయన ఎవలో నాకు తెల్వదు బిడ్డా, పాపయ్య సంగతి మేం చూస్కుంటం, నేను నీ చేతికిచ్చిన, నీ కాడికెల్లి చెప్పు, ఫైలులోని ఇరవై రెండు కాగితాలు ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి, అమ్మినవారు అన్న గడిలో పాపయ్య, పంపినవారు అన్న గడిలో సేట్ కంపెనీ, అందుకునేవారు అన్నచోట బెల్జియం ఆయన, సాక్షి అన్నచోట ఈ ముసలాయన బొటనవేలు, నా పేరు ఎక్కడా లేదు, ఇన్నాళ్లూ ఆ లేకపోవడం చాటునే దాక్కున్నాను, ఎవరో అమ్మారు, ఎవరో కొన్నారు, చట్టం సరే అంది, మధ్యలో నేను గుడ్డ చుట్టిన మనిషిని మాత్రమే అని, కాని అది ఈ వాకిలి దాటి వచ్చింది ఒక్క నా కోసం, సత్తార్ బిడ్డ కోసం, నేను కాదంటే ఆ రోజే మూట భుజాన వేసుకుని తిరిగి ఇక్కడికే వచ్చేది, తాత వేళ్లు డోలు మీద ఆగి ఉన్నాయి, నేను కొంగు నడుముకు చెక్కుకుని ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, నేనే పంపిన తాతా అన్నాను.