ఒకటంటే తెలియని మిషను

ఆ ఆఫీసులో టైపు మాస్టారంటే ఒక లెక్క ఉండేది. ముప్పై ఏళ్లుగా ఆయన వేళ్ల కింద పడకుండా ఒక్క ఉత్తరం గుమ్మం దాటలేదు. చూపు కాగితం మీద, వేళ్లు మీటల మీద, నోరు పక్కసీటు తపాలా గుమస్తాతో కబుర్ల మీద. మూడూ ఒకేసారి నడిచేవి, తప్పు మాత్రం దొర్లేది కాదు. అలాంటి మనిషి యాభై మూడో ఏట మళ్లీ పలకా బలపం పట్టాల్సి వచ్చింది.

టైపు సెక్షను ఎత్తేస్తున్నారు. అందులోని నలుగురికీ మూడు వారాలు ప్రోగ్రాములు రాయడం నేర్పి, ఆఖరున పరీక్ష పెడతారట. గట్టెక్కినవాళ్లకు కంప్యూటరు విభాగంలో కుర్చీ, తప్పినవాళ్లు ఐదేళ్లు ముందుగానే ఇంటికి. ఆ సర్క్యులరు టైపు చేసింది కూడా మాస్టారే.

"మీకేంటండీ, మీ స్పీడుకి మీరే ఫస్టు," అన్నాడు తపాలా గుమస్తా.

మొదటి రెండు వారాలూ అలాగే అనిపించింది. తెర మీద పేర్లు వేయించడం, పలకరింపులు చెప్పించడం, అంతా మాటలతోనే నడిచింది. పాఠం చెప్పే టీచరమ్మ ఆయన కూతురికంటే చిన్నది. "మాస్టారి వేళ్లు చూసి నేర్చుకోండి," అని మిగతా ముగ్గురికీ చెప్పేది. ఆ మెచ్చుకోలే ఆయన కొంప ముంచింది.

మూడో వారం అంకెలు వచ్చాయి. మాస్టారు రాసినవి కొన్ని బుద్ధిగా నడిచేవి, కొన్ని మొండికేసేవి. మొండికేసినప్పుడల్లా తెర మీద ఎర్రక్షరాల్లో ఒకటే ఫిర్యాదు: ఒకటి అంటే ఏమిటో దానికి తెలియదట! మాస్టారికి ఒళ్లు మండిపోయింది. లెక్కలు కట్టడానికే పుట్టిన మిషనుకి ఒకటి తెలియకపోవడమేమిటి?

అడిగితే పోయేది. కానీ ఏమని అడగాలి? 'అమ్మా, దీనికి ఒకటి రాదు' అంటే మిగతా ముగ్గురూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వరూ? తనను చూసి నేర్చుకోమన్న పిల్ల దగ్గర చేతకావడం లేదని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఆమె అటు వస్తే చాలు, తెర మీదిదంతా చెరిపేసి కళ్లద్దాలు తుడుచుకునేవారు.

"డౌటేమైనా ఉందా మాస్టారూ?"

"అబ్బే, ఏం లేదమ్మా."

ఇంట్లోనూ ఇదే వరస. ఎలా నడుస్తోందని భార్య అడిగితే, "నల్లేరు మీద బండి," అనేసి స్నానానికి పోయేవారు. అబద్ధం చెప్పినందుకు అన్నం సయించేది కాదు.

పరీక్ష రోజు ప్రశ్న చిన్నదే. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వరసగా రావాలి, మూడో ఎక్కంలో వచ్చేవి వదిలెయ్యాలి. గంట టైము. మాస్టారు రెండు నిమిషాల్లో పది వరసల ప్రోగ్రాము కొట్టి నడిపించారు. మళ్లీ ఎర్రక్షరాలు.

ఆయన చేసిన పని టైపిస్టులు మాత్రమే చేసేది. కార్బన్ల రోజుల్లో ఒక్క అక్షరం తప్పితే నాలుగు కాపీలూ పాడైనట్టే. దిద్దడమంటూ ఉండదు, కాగితం లాగేసి కొత్తది ఎక్కించడమే. అలాగే మొత్తం చెరిపేసి మొదటినుంచి కొట్టారు. మళ్లీ ఎరుపు. మళ్లీ చెరిపారు. పదిహేడుసార్లు కొట్టారు, పదిహేడుసార్లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వచ్చింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పక్కనున్న ముగ్గురూ ఒక్కొక్కరే లేచి వెళ్లారు. పరీక్షకు కాపలా ఉన్న సూపరింటెండెంటు గడియారం చూసి, జాబితాలో మాస్టారి పేరు కొట్టేసి సంతకం పెట్టాడు.

టీచరమ్మ నమ్మలేక దగ్గరికొచ్చి తెరకేసి వంగింది. ఒక్క క్షణం చూసింది, అంతే.

"మాస్టారూ, ఇది ఒకటి కాదు."

"మరేంటమ్మా?"

"ఎల్. ఇంగ్లీషు చిన్న ఎల్. రెండు చోట్లా అదే కొట్టారు."

మాస్టారు నేర్చుకున్న పాత టైపు మిషను మీద ఒకటికి మీట లేదు. అంకెలు రెండుతో మొదలయ్యేవి, ఒకటి కావాలంటే చిన్న ఎల్ కొట్టమని నేర్పారు. కంప్యూటరు వచ్చాక కూడా వేలు అటే పోయేది. కాగితం మీద రెండూ గీతలే కాబట్టి ఏ ఆఫీసరూ పట్టుకోలేదు.

"మొదటి రోజే నన్ను పిలిచుంటే..." అంటూనే టీచరమ్మ సూపరింటెండెంటు వైపు తిరిగింది. "సార్, మిగతాదంతా కరెక్టేనండీ. ఒక్క అక్షరం."

"టైమైపోయిందమ్మా. నలుగురికీ ఒకటే రూలు," అన్నాడాయన. జాబితా మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

మాస్టారు తల ఎత్తలేదు. సిగ్గుకంటే కోపం ఎక్కువగా ఉంది, అదీ తన మీదే. అలాగే అడిగారు, "అమ్మా, ఆ ఒకటి ఎక్కడుంటుంది?"

ఆమె పై వరస ఎడమ చివర చూపించింది. ఆయన ఈసారి ఏమీ చెరపలేదు. రెండు చోట్లా ఎల్ తీసి ఒకటి పెట్టి, నడిపించారు. ఒకటి, రెండు, నాలుగు, ఐదు, ఏడు... ఇరవై దాకా గబగబా దిగి ఆగాయి. తన బుర్రతో తను రాసిన లెక్క! ఆయనకు కళ్లనిండా నీళ్లొచ్చాయి.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, అయిందా? ఏమైంది?"

"నడిచిందే," అన్నారు మాస్టారు, తెరనే చూస్తూ.

"హమ్మయ్య!" అని, ఆవిడ ఫోను పక్కకి పెట్టి కూతుర్ని కేకేసింది. "ఒసే, నాన్న పాసయ్యారే!" అటువైపు ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు. "వింటున్నారా? త్వరగా వచ్చెయ్యండి, తలుపు దగ్గరే నిలబడతాం."

కాదే, అనాలి. నోటిదాకా వచ్చింది కూడా.

"ఆఁ, వస్తున్నా," అన్నారు.